ఆడది, మూడక్షరాలు

గళ్ళపజిలు కూర్చేవాడికి ఎక్కడైనా మూడు గళ్ళు మిగిలిపోయినాయంటే చాలు, ముందుగా ఆడది గుర్తుకొచ్చేది. "అడ్డం 7: స్త్రీ." అంతే, ఇంకొక్క ముక్క ఇచ్చేవాడు కాదు. ఇక మన తిప్పలు మనవి. అతివ అయినా కావచ్చు, ఉవిద అయినా కావచ్చు, నెలత, పడతి, వెలది, మగువ, పొలతి, చెలువ, లలన, తరుణి. పైనుంచి దిగే మాట తేలేదాకా ఏ ఆడదో తెలిసేది కాదు. నా కాపురం మొదటి ఆరేళ్ళలో ఆ మూడు గళ్ళనీ ఎన్నిసార్లు నింపినానో నాకే తెలీదు. భాషలో ఆడదానికి పేర్లకేం కరువు లేదు తల్లీ, కావలసినన్ని ఉన్నాయి. పజిలు అడుగున కూపన్లో పేరు రాసే గీత ఒకటి ఉండేది. దాని మీద మాత్రం చోటు లేకపోయింది.

నాకిప్పుడు ఎనభై దాటినాయి. ఈ వయసులో అన్నీ మర్చిపోవాల, అందరినీ క్షమించాల అని మా ఇంటికొచ్చే పెద్దమనుషులు చెప్తా ఉంటారు. వాళ్ళకేం, చెప్తారు. నాకు మర్చిపోవడం చేతకాలేదు, క్షమించడం అంతకంటే చేతకాలేదు. అందుకే రాస్తా ఉన్నాను.

మాది నెల్లూరు జిల్లాలో వెంకటాచలం పక్కన పల్లె. మా నాయనకి నాలుగెకరాల మాగాణి, దాంతోపాటు వీధిబడి. పొద్దున పిలకాయలకి చదువు చెప్పేవాడు, సాయంత్రం మొలగొలుకుల వరిమడి గట్టు మీద నడుస్తా నాకు మాటలు చెప్పేవాడు. గాలికి ఎన్ని పేర్లు చెప్పు? కరువలి అని ఒకటుంది, విన్నావా? చుక్కని రిక్క అంటారు, పిట్టని పులుగు అంటారు, సముద్రాన్ని మున్నీరు అంటారు. నేను ఆయన వెనకాలే గట్టు మీద నడుస్తా అన్నీ వల్లించేదాన్ని. ఒక్కటి తప్పినా ఇంటికి వెళ్ళేదాకా అదే మాట పదిసార్లు అనిపించేవాడు. ఎర్రగుడ్డలో చుట్టిపెట్టిన లావుపాటి నిఘంటువు ఒకటి ఉండేది ఆయన దగ్గర. చేతులు కడుక్కుంటేనే ముట్టుకోనిచ్చేవాడు.

నేను పెద్దమనిషినైనాక ఎనిమిదో తరగతితో చదువు మానిపించినారు. మరుసటేడే నాయన పోయినాడు. ఆ నిఘంటువు మా అన్న వాటాకి పోయింది. మా అన్న దాన్ని తెరిచిన పాపాన పోలేదు. నాకియ్యరా అని అడిగితే, "నీకెందుకే? అంట్లు తోముకునేదానికి అందులో ఏముంది?" అన్నాడు. తర్వాతెప్పుడో పుట్టింటికి పోతే బియ్యం బస్తా కింద చెమ్మ తగలకుండా ఎత్తుకి పెట్టుకోని ఉన్నారు దాన్ని. నేను ఏడవలేదు. వదిన పెట్టిన కాఫీ తాగకుండా వచ్చేసినాను, అంతే.

నయా పైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో నా పెళ్ళయింది. ఆయన కోట అనే ఊళ్ళో హయ్యరు ఎలిమెంటరీ స్కూల్లో లెక్కల అయ్యవారు. ఆయన్ని చెడ్డవాడని చెప్పడానికి నాకు నోరు రాదు. కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. కూర బాగుంటే బాగుందనే అనేవాడు. ఊరంతా మంచి అయ్యవారు అన్నది. నేనూ అదే అంటా ఉన్నాను, ఇంకేమనేది?

స్కూల్లో అయ్యవార్లంతా కలిసి ఒక వారపత్రిక తెప్పించుకునేవాళ్ళు. గూడూరులో రైలు దిగి బస్సులో కోటకి వచ్చేసరికి దానికి ఒకరోజు ముదురు. అందరూ చదివినాక ఆయన ఇంటికి తెచ్చేవాడు, సీరియలు నాకోసం అని. సీరియలు ఎవడికి కావాల? చివరి పేజీలో తెల్లగళ్ళు నల్లగళ్ళతో పజిలు ఉండేది. ఒకరోజు అన్నం ఉడుకుతా ఉంటే పొయ్యి దగ్గర కూర్చోని పెన్సిలు ముక్కతో నింపేసినాను. అన్నం అడుగంటింది. ఆయన వచ్చి మాడువాసన చూసి, పేపరు చూసి, నన్ను చూసినాడు.

"ఇవన్నీ నీకెట్లా తెలుసే?"

"మా నాయన చెప్పినాడు."

ఆయన పేపరు తీసుకోని పోయి, కూపన్లో పేరు రాసి పోస్టు చేసినాడు. మూడు వారాలకి "సరైన పరిష్కారాలు పంపినవారు" అని ఒక జాబితా పడింది. అందులో ఆయన పేరు, పక్కన బ్రాకెట్లో కోట అని ఊరి పేరు. ఆరోజు జిలేబీ పొట్లం తెచ్చినాడు. నేనూ సంతోషంగానే తిన్నాను. నాకేం తెలుసు.

కూపన్ సంగతి చెప్పాల. మా కాలంలో ఆడది మొగుడి పేరు నోటితో అనకూడదు. అంటే ఆయుష్షు తగ్గుతుందంట. నోటితో అనకూడనిది చేత్తో మాత్రం రాస్తామా? జనాభా లెక్కలవాళ్ళు మా వీధికి వచ్చినప్పుడు ఇంటాయన పేరేందమ్మా అంటే నేను నోరు తెరవలేదు. పక్కింటి అక్క గోడ మీద నుంచి కేకేసి చెప్పింది. అందుకని ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. గళ్ళు నేను నింపాల, పేరు ఆయన రాసుకోవాల. పని నాది, సంతకం ఆయనది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా!

అట్లా వారం వారం పడతా వచ్చింది ఆయన పేరు. రెండేళ్ళు తిరక్కముందే కోట అయ్యవారంటే చుట్టుపక్కల పెద్ద భాషాపండితుడైపోయినాడు. లెక్కల అయ్యవారు! కూడికలు తీసివేతలు చెప్పుకునే మనిషి! బస్టాండులో ఆపి మాటలకి అర్థాలు అడిగేవాళ్ళు. వాకాడు నుంచి ఒకాయన సైకిలు తొక్కుకోని వచ్చి, కూతురికి మంచి తెలుగు పేరు చెప్పమని అడిగినాడు. మా ఆయన దేనికీ తెలీదనేవాడు కాదు. "దీన్ని కాస్త ఆలోచించాల, రేపు చెప్తాను," అనేవాడు. అరచేతిలో రాసుకోని ఇంటికొచ్చి, పీట మీద కూర్చోని, అన్నం కలుపుకుంటా ఏమీ తెలీనట్టు అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. మర్నాడు ఆయన ఆలోచించినట్టే లెక్క.

పట్నాల్లో ఉండే పండితులకి తప్పిపోయేవి నాకు ఎట్లా దొరికేవంటే, వాళ్ళు ప్రతి మాటకీ సంస్కృతంలో దేవులాడేవాళ్ళు. పజిలు కూర్చేవాడు గడుసువాడు. వాడికి పల్లెల్లో నలిగిన పాత మాటలంటే మోజు. ఒకసారి "కళ్ళంలో గుంజ, రెండక్షరాలు" అని ఇచ్చినాడు. పోస్టుమాస్టరు, స్కూల్లో తెలుగు అయ్యవారు, గూడూరు ప్లీడరు ఒకాయన, అందరూ జుట్టు పీక్కున్నారు. మేటి. కళ్ళం మధ్యలో మేటి నాటి, దాని చుట్టూ ఎడ్లని తిప్పి వడ్లు నూర్పిడి చేసే ఊళ్ళో పుట్టినదాన్ని నేను. ఆ మేటి చుట్టూ ఎడ్ల వెనకాల పరిగెత్తి పడి మోకాలు చెక్కుకుపోయినదాన్ని. ఇంకోసారి "తోడికోడలు" అన్నాడు. ఏరాలు. మా జేజి, నాయన తల్లి, రోజుకి వందసార్లు ఏరాల్ని తిట్టుకునేది, నాకు రాక ఎవరికి వస్తుంది? వాళ్ళకి అది అరుదైన పదమంట. మా ఇంట్లో అది తిట్టు.

మూడో ఏడు కాబోలు, ఒకరోజు అడిగినాను. "ఏమండీ, ఈ ఒక్కసారి నా పేరుతో పంపండి."

ఆయన నవ్వినాడు. "ఎందుకే? ఆడదాని పేరు ఊరూరా తిరగడం మర్యాదగా ఉంటుందా? కాఫీ హోటల్లో వాడూ వీడూ చదువుతారు. రేపు ఆ కాగితంలో శనక్కాయలు కట్టి అమ్ముతారు. నీ పేరు నూనె మరకలతో వీధిలో పడుంటే నాకు బాగుంటుందా?"

మీ పేరు పడుంటే బాగుంటుందా అని అడగాలనిపించింది. అడగలేదు. అప్పటికి నేనింకా మంచి ఇల్లాలిని.

చైనా యుద్ధం అయిన మరుసటేడు ఉగాదికి ఆ వారపత్రికవాళ్ళు ఒక పెద్ద పజిలు వేసినారు. రెండు పేజీల నిండా గళ్ళు, అన్నీ అరుదైన మాటలే. తప్పు లేకుండా నింపినవాళ్ళకి పెద్ద నిఘంటువు బహుమతి. దాని అట్ట మీద గెలిచినవాళ్ళ పేరు బంగారురంగు అక్షరాలతో వేసి ఇస్తామని రాసినారు. అది చదివినాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. నిఘంటువు! నాకే! దాని మీద నా పేరు! ఏ అన్నా వాటాకి పట్టుకోని పోలేడు, ఎవురూ బియ్యం బస్తా కింద పెట్టలేరు. నగలు అడిగినానా, చీరలు అడిగినానా? జన్మలో ఆ ఒక్క వస్తువు కావాలనుకున్నాను.

ఈసారి బతిమలాడలేదు. పప్పు వడ్డిస్తా, మామూలుగా చెప్పేసినాను. "ఇది నా పేరుతో పంపాల. లేకపోతే ఈ పూట నుంచి పెన్సిలు ముట్టను. మీ పజిళ్ళు మీరే చూసుకోండి."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగినాడు. మర్నాడు స్కూలుకి పోతా గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటా, "సరేలే, రాసుకో," అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆయన మీద నాకు ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది ఆ పూట.

పది రోజులు పట్టింది. నెత్తావి, వాతెర, నేసరు, మిన్నేరు, ఇవం, జక్కవ... నాయన గట్టు మీద చెప్పినవన్నీ ఒక్కొక్కటే వచ్చి గళ్ళలో కూర్చున్నాయి. ఇంటి పనంతా చేసుకుంటానే, చంకలో పిల్లని మోసుకుంటానే. అన్నీ అయినాయి, ఒక్కటి తప్ప. "నిలువు 23: తలకీ బరువుకీ నడుమ. రెండక్షరాలు." రెండో గడిలో అడ్డం మాట వల్ల మ్మ పడింది. మొదటిది ఖాళీ. కొమ్మ, రెమ్మ, దిమ్మ, బొమ్మ, కమ్మ, ఏది పెట్టినా అతకదు. చుట్టకుదురు అని తెలుస్తానే ఉంది, కానీ దానికి ఐదు గళ్ళు కావాల. గడువు రెండు రోజులుంది. నాకు పిచ్చెక్కినట్టయింది.

సముద్రపు ఒడ్డు నుంచి ఒకామె చేపలగంప ఎత్తుకోని మా వీధికి వచ్చేది. ఆ పొద్దున గంప దించడానికి చెయ్యి పట్టమని కేకేసింది. దించినాక ఆమె తల మీద పాతగుడ్డ చుట్ట అట్లానే ఉంది. నేను చేపలు చూడకుండా దాన్నే చూస్తా ఉన్నాను.

"ఏందమ్మా, కొత్తగా చూస్తా ఉండావు?"

"అక్కా, నీ తల మీద అది... దాన్ని మీ వాళ్ళు ఏమంటారు?"

"దీన్నా?" తీసి చేతిలో పట్టుకోని చూసుకుంది. "సుమ్మ."

నేను చేపలు తీసుకోకుండానే లోపలికి పరిగెత్తినాను. వెనకాల ఆమె, "ఓయమ్మా, సుమ్మకి ఇంత సంబడమా! చేపలు వద్దా?" అని నవ్వతా ఉంది. ఆ గడిలో "సు" పెట్టినాక పెన్సిలు కింద పడేసి అట్లానే గోడకి ఆనుకోని కూర్చున్నాను. ఏ పండితుడి దగ్గరా లేని మాట ఆ తల్లి నెత్తి మీద రోజూ మా వీధిలో తిరిగింది.

ఈ పజిలుకి కూపను పెద్దది. పేరు, దాని కింద తండ్రి లేదా భర్త పేరు, వృత్తి, చిరునామా. మొదటి గీత మీద నా పేరు నేనే రాసుకున్నాను. ఎనిమిదో తరగతి పరీక్ష పేపరు తర్వాత నా పేరు రాసుకోడం అదే. భర్త పేరు దగ్గర ఎప్పట్లానే ఖాళీ వదిలినాను. ఆయన నా కళ్ళముందే తన పేరు, తన ఉద్యోగం, స్కూలు చిరునామా రాసినాడు. కవరు అంటించి రిజిస్టరు చేసి రసీదు తెచ్చి నా చేతికిచ్చినాడు. ఇంతకంటే ఏం కావాల?

రెండు నెలలకి ఫలితం వచ్చింది. ఒక్క తప్పూ లేనిది ఒకే ఒక్కటి వచ్చిందని పెద్దక్షరాలతో వేసినారు. కింద ఆయన పేరు. కోట, నెల్లూరు జిల్లా.

నేను పేపరు ఆయన మొహాన విసిరేసినాను. ఆరేళ్ళలో గొంతు పెంచనిదాన్ని వీధి వినేట్టు అరిచినాను. "దారిలో నా పేరు కొట్టేసి మీ పేరు పెట్టుకున్నారు కదా! సిగ్గు లేదా మీకు?"

"నీ తోడు, నేను కొట్టెయ్యలేదే. పిల్ల తోడు."

"మరి మీ పేరు ఎగిరొచ్చి పడిందా?"

"నాకు మాత్రం ఏం తెలుసు? పొరపాటు పడుంటారు."

"అయితే ఉత్తరం రాయండి. ఇది నాది కాదు, నా భార్యది అని రాయండి."

"రాస్తాలే, రాస్తాలే," అన్నాడు. ఆ "లే" విన్నప్పుడే నాకు తెలుసు రాయడని. తర్వాత, "అయినా ఎవురి పేరైతే ఏందే? పుస్తకం మన ఇంట్లోకే కదా వచ్చేది," అన్నాడు. రెండు రోజులు కూరలో ఉప్పెయ్యలేదు నేను. నోరెత్తకుండా తిన్నాడు. తప్పు చేసినవాడు కాబట్టి తింటా ఉన్నాడని అనుకున్నాను.

పుస్తకం స్కూలు చిరునామాకి పార్సిల్లో వచ్చింది. హెడ్మాస్టరుగారు దాన్ని ఇంటికి తేనియ్యలేదు. మన అయ్యవారికి ఇంత గౌరవం దక్కితే ఊరికే చేతిలో పెడతామా, సభ చేసి ఇద్దామన్నారు. ఒక శనివారం మధ్యాహ్నం స్కూలు ముందర తాటాకు పందిరి వేసినారు. ఊళ్ళో పెద్దలంతా వచ్చినారు. ఆడవాళ్ళకి ఒక పక్క చాపలు. నేను పోనని భీష్మించుకున్నాను. పక్కింటి అక్క నాకు పూలు పెట్టి, పిల్లని తను ఎత్తుకోని, లాక్కోని పోయింది.

వేదిక మీద మా ఆయన మెడలో చేమంతి దండ. బల్ల మీద ఆ పుస్తకం. అంత దూరం నుంచి కూడా అట్ట మీద బంగారు అక్షరాలు మెరుస్తా ఉన్నాయి.

హెడ్మాస్టరుగారు చాలాసేపు పొగిడినారు. తర్వాత జేబులోంచి ఒక కాగితం తీసి, "ఒక తమాషా చెప్పాల. పత్రికవాళ్ళు మన అయ్యవారికి రాసిన ఉత్తరం ఇది. ఆయనే నాకు చూపించినారు. వినండి," అని చదివినారు. ఆ వాక్యాలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

"తాము పంపిన పత్రములో, పేరు వ్రాయవలసిన చోట తమ సతీమణి పేరును, భర్త పేరు వ్రాయవలసిన చోట తమ పేరును పడినవి. ఇది తొందరలో జరిగిన పొరపాటుగా గ్రహించి, సరిచేసి ప్రకటించితిమి. బహుమతి గ్రంథముపై తమ నామధేయమునే వేయించితిమి."

పందిరంతా గొల్లుమనింది. "చూసినారా! పండితుడే కానీ, భార్యామణి ధ్యాసలో తన పేరే మర్చిపోయినాడు మనవాడు!" అన్నారు హెడ్మాస్టరుగారు. మళ్ళీ నవ్వులు, చప్పట్లు. పక్కనున్న ఆడవాళ్ళు నన్ను మోచేతులతో పొడిచినారు.

అయితే ఆయన కొట్టెయ్యలేదు. పిల్ల మీద పెట్టిన ఒట్టు నిజమే. ఆడదాని పేరు పై గీత మీద కనబడితే అది పొరపాటే అయ్యుంటుందని అక్కడెవడో మహారాజు దిద్దినాడు. రెండు రోజులు ఉప్పు లేని కూర పెట్టినందుకు నా మనసు ఒక్కక్షణం కలుక్కుమనింది. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. ఈ ఉత్తరం ఈయనకి వచ్చింది. జేబులో పెట్టుకోని తిరిగినాడు. నాకు చెప్పలేదు, ఊరందరికీ చదివి వినిపించమని హెడ్మాస్టరు చేతికి ఇచ్చినాడు.

అయినా చూడండి నా ఆశ! ఆయన మాట్లాడడానికి లేచి నిలబడగానే, ఇప్పుడు చెప్తాడనుకున్నాను. "పొరపాటు కాదండీ, నింపింది మా ఇంటావిడే," అంటే ఏం పోయె? ఐదు మాటలు. నేను చాప అంచు గట్టిగా పట్టుకోని కూర్చున్నాను.

ఆయన నవ్వినాడు. ఒకసారి నా వైపు చూసి, తల దించుకోని, "ఏదో... తొందరలో..." అన్నాడు. మళ్ళీ నవ్వులు. అప్పుడు పోస్టుమాస్టరు లేచి, "అయ్యవారూ, అన్నీ ఒక ఎత్తు, ఆ సుమ్మ ఒక ఎత్తు. అది యాడ పట్టినారు?" అని అడిగినాడు.

"ప్రాచీన గ్రంథాల్లో చాలా వెతికినాను," అన్నాడు మా ఆయన.

వెతికినాడంట! చేపలామె పొద్దున్నే మా గడప ముందు తల మీద నుంచి తీసి చూపించిన మాట!

తర్వాత హెడ్మాస్టరుగారి భార్య నన్ను పైకి పిలిచింది, పుస్తకం ఇల్లాలి చేతుల మీదుగా ఇప్పిద్దామని. అందరూ లే లే అంటే లేచినాను. పుస్తకం నా చేతుల్లో పెట్టి, ఆమె ఊరికే ఇయ్యనీకుండా అడ్డం నిలబడింది. పెళ్ళిలో కొత్తకోడలు గడప తొక్కేటప్పుడు ఆడబిడ్డలు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్తేగాని లోపలికి రానియ్యరు కదా, అట్లా. "ఈ పజిలు గెలిచినవాళ్ళ పేరు చెప్పు. అప్పుడే కిందికి దిగనిస్తాం!" అనింది. చాపల మీద ఆడవాళ్ళంతా అందుకున్నారు. "చెప్పాల, చెప్పాల! గట్టిగా చెప్పాల!"

నేను పుస్తకం వైపు చూసినాను. అట్ట మీద ఆయన పేరు. నా వేళ్ళు దాని మీదే ఉన్నాయి. తల ఎత్తి, పందిరి చివర నిలబడిన పిలకాయలకి కూడా వినబడేట్టు, తడబడకుండా, ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పినాను.

ఒక్కక్షణం ఎవురూ మాట్లాడలేదు. విన్నారు, అర్థమైంది అనుకున్నాను.

"ఓసి నీ గడుసుదనం కూలా!" అనింది హెడ్మాస్టరుగారి భార్య. అంతే, పందిరి ఎగిరిపోయేట్టు నవ్వినారు. "మొగుడి పేరు అనకుండా ఎంత బాగా తప్పించుకుందో చూడు!" "సిగ్గమ్మా, సిగ్గు!" హెడ్మాస్టరుగారు చప్పట్లు కొడతా లేచి నిలబడి, "ఇదీ మన ఇల్లాళ్ళ సంస్కారం," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టినారు. నా పేరు చెప్పినందుకు నా జన్మలో కొట్టిన చప్పట్లు అవే.

"తప్పించుకోలేదమ్మా," అన్నాను ఆమెతో. "నిజంగా నేనే. నింపింది నేనే."

ఆమె నా బుగ్గ పుణికి, "నువ్వూ ఆయనా వేరా తల్లీ?" అనింది. పుస్తకం నా చేతుల్లోంచి తీసుకోని ఆయనకి ఇచ్చింది.

ఎండ తగ్గినాక ఇంటికి బయల్దేరినాం. పిల్లని ఎత్తుకోని పక్కింటి అక్క ముందు పోయింది. వెనకాల మేమిద్దరం. ఆయన చంకలో పుస్తకం, మెడలో ఇంకా దండ. మనిషి మంచి హుషారుగా ఉన్నాడు.

"గట్టిదానివేనే," అన్నాడు. "బాగా తప్పించుకున్నావు."

నేను రోడ్డు మధ్యలో ఆగిపోయినాను. "మీరు కూడానా? నేను ఏం తప్పించుకున్నానండీ? నిజం చెప్పినాను. అందరి ముందరా నిజం చెప్పినాను."

ఆయన నాలుగడుగులు ముందుకి పోయి ఆగినాడు. వెనక్కి తిరిగినాడు. అటూ ఇటూ చూసి, దగ్గరికి వచ్చి, జ్వరం వచ్చిన పిల్లతో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు.

"తెలుసులే. ఎవురికీ అర్థం కాలేదు. నువ్వేం భయపడబాకు."